మా ఆయన చొక్కాకి ఆఖరి రోజు

మా ఆయన శ్రీరామ్మూర్తి మాస్టారికి తాగుడు లేదు, పేకాట లేదు, ముక్కుపొడుం అయినా లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. బడి ఎప్పుడు ముగుస్తుందా అని రోజులు లెక్కపెట్టడం. పిల్లలు లెక్కపెట్టారంటే అర్థం ఉంది. ఈయన ఆ పిల్లలకి పాఠం చెప్పే మనిషి. డెబ్భైల్లో మల్కాపురంలో, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న హైస్కూల్లో సోషల్ మాస్టారు. జనవరి ఇరవయ్యారున జెండా ఎగరేసి, పిల్లలకి చాక్లెట్లు పంచి, ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టేవారు.

“గౌరీ, ఇంకా ఎనభై తొమ్మిది రోజులేనే!”

“దేనికండీ?” అని పెళ్ళైన కొత్తలో అమాయకంగా అడిగాను.

“నా సొక్కాకి.”

సంగతేమిటంటే, మా బళ్ళో ఆఖరి పరీక్ష సోషల్. ఆ పరీక్ష అయిన గంట కొట్టగానే పిల్లలందరూ పెన్నుల మూతలు తీసి, ఒకరి తెల్లచొక్కా మీద ఒకరు ఇంకు జల్లుకునేవారు. అన్ని బళ్ళలోనూ ఉండే సరదాయే అది. వేసవి సెలవులు వచ్చాయనడానికి అదే ముహూర్తం. మా ఆయన మాత్రం ఆ ఇంకుకి ఉరిశిక్ష పడ్డవాడిలా వణికిపోయేవారు. వణుకుతూనే రోజులు లెక్కపెట్టేవారు. లెక్కపెడుతూ మళ్ళీ వణికేవారు.

ఒక ఫిబ్రవరిలో జ్వరం తగిలితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నాడి పట్టుకుని, “ఎన్ని రోజులండీ?” అని అడిగాడు.

“అరవై ఎనిమిది,” అన్నారు ఈయన కళ్ళు మూసుకుని.

డాక్టరు చెయ్యి వదిలేశాడు. “అరవై ఎనిమిది రోజులుగా జ్వరముంటే ఇప్పుడా తీసుకొచ్చేది? ఏం ఆడదానివమ్మా నువ్వు?” అని నామీద ఇంతెత్తున లేచాడు. జ్వరం నిన్ననే వచ్చిందనీ, ఆ అరవై ఎనిమిది చొక్కాదనీ చెప్పేసరికి, ఆయన జ్వరం సంగతి వదిలేసి తల పరీక్ష చెయ్యడం మొదలుపెట్టాడు.

బస్సులో కండక్టరు “ఎక్కడికండీ?” అంటే “ఇంకా నలభై” అనేవారు. ఆ కండక్టరు పాపం, “నలభై నంబరు ఎనకాతల వొత్తంది, దిగండి దిగండి” అని మమ్మల్ని నడిరోడ్డు మీద దింపేశాడు. ఎండలో నిలబడి నేను పళ్ళు నూరుతుంటే, ఈయన “ఎంత మర్యాదస్తుడే!” అని మెచ్చుకున్నారు.

మల్కాపురంలో తెల్లచొక్కా వేసుకోవడమే ఒక సాహసం. రేవులో ఓడలకి ఎత్తే ఇనప రాయి దుమ్ము గాలి తిరిగితే మా దండేల మీదికే వచ్చేది. పొద్దున్న తెల్లగా ఆరేసిన చొక్కా సాయంత్రానికి పలచగా కుంకం అద్దినట్టుండేది. నేను దాన్ని మళ్ళీ నానబెట్టి, ఉతికి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్ది, మల్లెపువ్వులా చేసి ఇచ్చేదాన్ని. దాన్ని ఏడాది పొడుగునా కాపాడేది ఏప్రిల్లో ఇంకు పోయించుకోవడానికా అని నా బాధ.

పోనీ జాగ్రత్తగా ఉంటారా అంటే, అదీ లేదు. క్లాసులో బోర్డు మూల రోజూ ఆ అంకె రాసేవారట. రాసి, ఛాతీ విరిచి, “ఒరే, నా సొక్కా సూడండ్రా, ఎంత తెల్లగుందో! ఈ ఏడు దీని మీద ఒక్క సుక్క పడనివ్వను. ఎవుడికైనా దమ్ముంటే ఆ రోజు నా దగ్గరికి రండి. పక్కోడి మీద జల్లుకోడం మగతనం కాదు!” అని సవాలు చేసేవారట. ఇక పిల్లలు ఊరుకుంటారా? పుస్తకాల సంచుల్లో ఇంకు బుడ్లు దాచేవారు. ఆదివారం మేమిద్దరం కూరగాయలకి వెళ్తుంటే అరుగుల మీంచి అరిచేవారు.

“మేస్టారండీ! ఇంకా ఎన్నాళ్ళండి?”

“ఇరవైమూడ్రా!” అని ఈయన గుండె మీద చెయ్యి వేసుకుని, దడిసిపోయినట్టు నా వెనక నక్కేవారు. నలభై ఏళ్ళ మనిషి, బొజ్జ నా వెనక దాగేది కాదు.

“ఆ రోజుకి పాత చొక్కా వేసుకెళ్ళండి, మీకు పుణ్యముంటుంది,” అని బతిమాలేదాన్ని.

“పాతదైతే ఆళ్ళకి సరదా ఏటుంటాదే?”

“వాళ్ళ సరదా మీకెందుకు? మీరు భయపడుతున్నారా, ముచ్చట పడుతున్నారా?”

“బయ్యవేనే తల్లీ, సచ్చీటంత బయ్యం!” అని చెప్పి, సరిగ్గా ఆ పొద్దున అన్నిటికన్నా మంచి చొక్కా వెతికి తీసేవారు. ఒక ఏడు బియ్యం డబ్బాలో దాచాను, కనిపెట్టేశారు. ఇంకో ఏడు పరుపు కింద పెట్టాను. ముడతలు పడ్డాయని ఆయనే ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్ళారు. సాయంత్రం నెమలి మెడలా తిరిగొచ్చేవారు. నిమ్మకాయ రుద్దాను, ఉప్పు రుద్దాను, పుల్లమజ్జిగలో నానబెట్టాను. ఇంకు పోతే ఒట్టు! అలా ఏడాదికొక చొక్కా చొప్పున ఇంటినిండా చుక్కల చొక్కాలే మిగిలాయి.

అవే వేసుకుని చుట్టాలిళ్ళకి వచ్చేవారు. మా పిన్ని సన్యాసమ్మ మనవడి బారసాలకి అలాగే వచ్చారు. మా పిన్ని నోటికి అదుపు లేదు. పదిమందిలో, “ఏటే గౌరీ, మీ బళ్ళో కాయితాలు అయిపోనాయేటే? మీ ఆయన సొక్కా మీదే పాటాలు రాసీసుకున్నాడు!” అంది. అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన అందరికన్నా గట్టిగా నవ్వారు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

నా కోరిక పెద్దదేమీ కాదు. నగలడగలేదు, పట్నాలు తిప్పమనలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మచ్చలేని తెల్లచొక్కా వేసుకున్న మొగుడి పక్కన మావాళ్ళ ముందు నడవాలి. పిన్ని చూడాలి. రాత్రీ పగలూ అదే ఆశ. చొక్కా ఉతికినప్పుడల్లా అదే అనుకునేదాన్ని.

ఆ అవకాశం మా తమ్ముడి పెళ్ళితో వచ్చింది. మా పుట్టిల్లు పద్మనాభం వైపు. తమ్ముడు కొండలరావుకి గోపాలపట్నం సంబంధం కుదిరింది. శుభలేఖతోపాటు బావగారికని తెల్లటి టెరికాటన్ చొక్కా కుట్టించి తెచ్చాడు. ఎంత తెలుపంటే, మా ఇంట్లో గోడలు దాని ముందు వెలవెలబోయాయి.

“బావా, పెళ్ళిలో నువ్వు నా పక్కనే నిలబడాల. ఇదేసుకునే రావాల,” అన్నాడు.

ఈయన గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూశారు. “అబ్బ! ఏం బట్టరా కొండలరావూ, ఇంకు పడితే ఇట్టే పీల్చేత్తాది.”

“ఏటి బావా?”

“ఏం లేదులే. పెళ్ళెప్పుడు?”

శుభలేఖ నేనే చదివాను. ఆఖరి పరీక్ష రోజే, సాయంత్రం ఆరు గంటలకి ముహూర్తం.

“ఆ రోజు సెలవు పెట్టండి,” అన్నాను.

“సోసలు పరీచ్చ సోసలు మేస్టారు నేకండా ఎలాగే? మద్దేన్నానికి వొచ్చేత్తాన్లే.”

ఇక ఆ ఏడు మా ఇంట్లో ఇద్దరం లెక్కపెట్టాం. ఆయన పొద్దున్నే లేచి “ఇంకా పదిహేను” అనేవారు. నేను పొయ్యి ముట్టిస్తూ “ఇంకా పదిహేను” అనుకునేదాన్ని. ఆయనకీ కంగారే, నాకూ కంగారే. ఆ టెరికాటన్ చొక్కాని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి చెంగున కట్టుకున్నాను. అయినా మనసు కుదురుకోలేదు. ఎంత కాదన్నా ఆ రోజు ఆయన ఒంటి మీద ఏదో ఒక తెల్లచొక్కా ఉంటుంది. ఇంకు పడుతుంది. జుట్టుకీ, చెవులకీ, మెడకీ పడుతుంది. నీలి మెడ వేసుకుని పెళ్ళికొస్తే పిన్ని ఊరుకుంటుందా?

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. తెల్లచొక్కా ఉంటేనే కదా ఇంకు జల్లేది! ముందురోజు సాయంత్రం ఇంట్లో ఉన్న తెల్లచొక్కాలన్నీ, చుక్కలవీ మచ్చలవీ వదలకుండా మూటగట్టి చాకలి గురువమ్మ నెత్తిన పెట్టాను. “ఎల్లుండి దాకా తేవద్దు, తెచ్చావంటే ఒప్పుకోను,” అని చెప్పి పంపాను. చిలక్కొయ్యకి ఒకటే మిగిల్చాను. ముదురు మెరూన్ రంగు గళ్ళ చొక్కా. దాని మీద ఇంకు కాదు కదా, తారు పోసినా కనపడదు.

పొద్దున్న స్నానం చేసొచ్చి మా ఆయన చిలక్కొయ్య ముందు కొయ్యలా నిలబడ్డారు.

“గౌరీ, నా తెల్లసొక్కాలేవీ?”

“గురువమ్మకి వేశాను.”

“అన్నీనా?”

“అన్నీ.”

“ఇదేసుకెల్తే పిల్లలు ఏటనుకుంటారే?”

“చొక్కా అనుకుంటారు.”

కాఫీ తాగుతూ గళ్ళ చొక్కా వంక, పాముని చూసినట్టు చూశారు. నా ఉపాయానికి నేనే మురిసిపోతూ తలంటుకోవడానికి వెళ్ళాను. విప్పిన చీర చెంగు ముడిలో తాళంచెవి ఉందన్న సంగతి నెత్తిన కుంకుడు రసం పోసుకున్నాక గుర్తొచ్చింది. కళ్ళు మంటలెత్తుతుండగా పరుగెత్తుకొచ్చాను. గళ్ళ చొక్కా చిలక్కొయ్యకే ఉంది. ట్రంకుపెట్టె బార్లా తెరిచి ఉంది. మనిషి లేరు.

నా ఒళ్ళు మండిపోయింది. ఇదివరకు పోయినవి ఉతుకుడు చొక్కాలు. ఇది పెళ్ళి చొక్కా. తమ్ముడు అంత ముచ్చటపడి తెచ్చింది. తెల్లచొక్కాలన్నీ మూటగట్టి పంపి, ఆయన్ని ఆ పెట్టె దగ్గరికి నడిపించింది నా తెలివే అని తలుచుకుంటే ఇంకా మండింది. పనులన్నీ తెమిల్చి, పట్టుచీర కట్టి, జడ సగం అల్లుకుని, పరీక్ష అయ్యే వేళకి, ఆ రెండు వీధుల దూరానికే రిక్షా ఎక్కాను. “బేగి తొక్కు బాబూ, బేగి!” అంటే, “ఎవులికైనా పురుడా అమ్మా?” అన్నాడు రిక్షావాడు.

బడి గేటు దగ్గర కొంతమంది తల్లులు నిలబడి ఉన్నారు. నేను దిగడం, గంట గణగణ మోగడం ఒకటే. తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. నాలుగొందల మంది పిల్లలు హోరుమని బయటికొచ్చారు. వాళ్ళ ముందు పంచె ఎగ్గట్టి, బొజ్జ ఊపుకుంటూ, మా ఆయన పరుగెడుతున్నారు.

“అమ్మో! రచ్చించండ్రా! నా సొక్కా! నా కొత్త సొక్కా!”

అరవడమే గానీ, ఆ పరుగు పారిపోయేవాడి పరుగు కాదు. నాలుగడుగులు వేసి ఆగుతారు. వెనక బుడ్డపిల్లలు అందుకున్నాక మళ్ళీ నాలుగడుగులు. ఒక చిన్నపిల్ల పెన్ను మూత తీయలేక తంటాలు పడుతుంటే, దాని ముందే కాలు జారినట్టు కూలబడి, అది మూత తీసేదాకా “అయ్యో నా నడుం” అని మూలుగుతున్నారు. భయపడేవాళ్ళు అలా ఉండరు. ఇన్నేళ్ళు నా దగ్గర నాటకమాడారన్నమాట!

నా పక్కన చేపల గంప దించుకుని ఒకామె కడుపుబ్బ నవ్వుతోంది. పేరు అసిరమ్మట. ఆవిడ నవ్వు చూసి నా కోపం తన్నుకొచ్చింది.

“నవ్వుతున్నావేంటమ్మా? ఆ చొక్కా ఉతుక్కునేవాళ్ళ బాధ నీకేం తెలుసు?”

“సొక్కాల బాద నాకు తెల్దేటమ్మా?” అంది. “అదుగో, ఆ రింగులజుట్టోడు, కామరాజు, నా సిన్న గుంటడు. ఆడి సొక్కా సూడు. ఒక్క సుక్కుందేటి?”

చూశాను. లేదు. వాడొక్కడే కాదు, మా ఆయన చుట్టూ చేరిన పిల్లలెవరి మీదా పెద్దగా ఇంకు లేదు. నాలుగొందల పెన్నులూ ఒక్క మనిషి వైపే తిరిగి ఉన్నాయి.

“ఇంటికొక్క సొక్కాయే మాకు,” అంది అసిరమ్మ. “ఈడికి పొట్టయిపోతే జూన్ల ఈడి సెల్లికి. మా పెద్ద గుంటడప్పుడు ఇలాగ కాదమ్మా. ఇంకు పడిపోతాదని ఆకరి పరీచ్చకి నానే ఎల్లనివ్వనేదు. మరి సున్నా రాదేటి? ఆడు సిగ్గుపడిపోయి బడి మానీసేడు. ఇప్పుడు రేవులో మూటలు మోత్తన్నాడు. ఇలాగ మా పేటలో ఎంతమందో. సోసలు మేస్టారు ఇంటింటికీ వొచ్చి అడిగేరు, ఎందుకు రానేదని. సెప్పేం. ఒక్క మాటననేదు, ఎలిపోయేరు. మరసటేడు నుంచి ఈ పరుగు మొదలెట్టేరు. జనవరి కాడ్నుంచి ఊరించడం, ఇంకంతా నాకోసం దాసండ్రా, ఎవుల మీదా జల్లొద్దని. ఇప్పుడు పరీచ్చ మానీసినోడే నేడు.”

సున్నా వచ్చిన పిల్లల సంగతీ, రేవులో మూటల సంగతీ ఈయన ఏనాడూ నాతో చెప్పలేదు. ఏనాడూ! కానీ ఆడదాన్ని కదా, అంత తొందరగా ఓడిపోతానా?

“అంతా బాగానే ఉంది. పాపం ఆయన పెళ్ళాం ఊరుకుంటుందా?”

“ఓలమ్మ! ఊరుకోడమేటి? పంపేది ఆయమ్మే కదా!” అంది అసిరమ్మ గంపెత్తుకుంటూ. “మేస్టారే సెప్పేరు పిల్లలకి. ‘పిల్లలు సరదా పడతారు, ఉన్నాటిలో మంచిదేసుకెల్లండని మా గౌరే ఉతికి ఇత్తాదర్రా’ అని. మా పేటలో ఆయమ్మ పేరు సెప్పుకోనోల్లు నేరు. ఒక్కపాలి సూడాలని ఉంది నాకైతే.”

నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుపో నవ్వో నాకే తెలియలేదు. ఈ మనిషిని ఏం చెయ్యాలి చెప్పండి! నేను బియ్యం డబ్బాలో దాచిన చొక్కాలకీ, పరుపు కింద తొక్కిన చొక్కాలకీ నన్ను అన్నపూర్ణని చేసి కూర్చోబెట్టారు.

అప్పుడే ఆయన నన్ను చూశారు. చూసి నిలువునా నీరైపోయారు. పిల్లలు కూడా పెన్నులు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

“గౌరీ, ఇది... కొండలరావు సొక్కా కాదే.”

“మరెవరిదండీ?”

“ఆడిదే అనుకో. కానీ...”

“మాట్లాడకండి. వెనక్కి తిరగండి.”

తిరిగారు. ముందంతా నీలి వరద. వీపు మీద మాత్రం మధ్యలో చారెడు మేర తెల్లగా మిగిలిపోయింది. చిన్నపిల్లలకి అందని ఎత్తు అది. నేను చెయ్యి చాపాను.

“ఎవరి పెన్నులోనైనా ఇంకుందర్రా?”

“నా దాంట్లో ఉందమ్మగారూ!” అని కామరాజు పరుగెత్తుకొచ్చి ఇచ్చాడు. మూత తీశాను. పట్టుచీర కుచ్చిళ్ళు ఎడంచేత్తో పైకి పట్టుకున్నాను. నా బలమంతా పెట్టి విదిలించాను. బడి కూలిపోయేట్టు కేక పెట్టారు పిల్లలు. అసిరమ్మ గంప కింద పడేసి, “ఓలమ్మ, ఆయమ్మంటే ఈయమ్మేటే!” అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

ఆ సాయంత్రం గోపాలపట్నంలో, ఆ చొక్కా పక్కనే పట్టుచీరతో తలెత్తుకుని నడిచాను. మా పిన్ని నోరు తెరిచేలోగా జరిగిందంతా మంటపంలో అందరికీ వినపడేలా చెప్పాను. ఆవిడ తెరిచిన నోరు చాలాసేపు మూయలేదు. మా తమ్ముడు పీటల మీంచే, “బావా, ఇలాగొచ్చి నా పక్కన నిలబడు” అన్నాడు. ఫొటో తీసే అబ్బాయి వచ్చి, “అమ్మా, ఆ చుక్కల చొక్కాయన్ని వెనక వరసలోకి పంపండి, ఫొటో పాడైపోతుంది” అన్నాడు. “ముందే నిలబడతారు, తియ్యి” అన్నాను.

ఇప్పుడు బాల్‌పెన్నులొచ్చాయి. విదిలించినా ఏమీ రాలదు. మా ఆయన రిటైరై ఏళ్ళవుతోంది. ఏప్రిల్ వస్తే మాత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని బడి వైపు చెవి పెట్టుకుని కూర్చుంటారు. గంట వినపడినా ఆ హోరు వినపడదు. నాకూ ఆ హోరు మీద బెంగే. ఒక్కసారి మళ్ళీ ఆ గేటు దగ్గర సగం జడతో నిలబడాలనిపిస్తుంది.

ఆ పెళ్ళి ఫొటో మా ముందుగదిలో ఉంది. నలుపూ తెలుపూ ఫొటో కదా, చూసినవాళ్ళు దానికి బూజు పట్టిందనుకుంటారు. పాపమని చెంగుతోనో రుమాలుతోనో మా ఆయన పొట్ట మీద తుడవబోతారు. అది పోదమ్మా, కూర్చోండి, కాఫీ తెస్తాను అంటాను.